హైబ్రిడ్ కారుకు ఇథనాలు: మిగులెంత?

పల్లెలో పొయ్యి ముందు కూర్చుండు ఇల్లాలికి ఒక లెక్క తెలియును. తాటాకుల మోపు చవక. సరుగుడు కట్టెల మోపు ప్రియము. అయినను ఆమె మోపు వెల మాత్రమే చూచి కొనదు. తాటాకు భగ్గున మండి చప్పున ఆరిపోవును. కుండెడు అన్నము ఉడుకుటకు ఏ మోపులు ఎన్ని కావలెనో ఆమె ఎరుగును. ఆమె చూచునది మోపు వెల కాదు, కుండ వెల.

ఈ చిన్న లెక్కను మరచిపోయి చదువుకొన్నవారు సైతము పొరబడుచున్న విషయమొకటి కలదు. హైబ్రిడ్ కారును ఇథనాలు ఇంధనముతో నడుచునట్లు మార్చుకొన్నచో చాల డబ్బు మిగులునని అమెరికాలో ఒక వాదము చాలకాలముగా వినవచ్చుచున్నది. మన దేశమున కూడ హైబ్రిడ్ కార్లు, ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాప్తిలోనికి వచ్చినందున, ఆ వాదము ఇచ్చటి యువకుల చెవిని కూడ పడుచున్నది. దానిని పరీక్షించి, అందలి నిజమెంతో, పొరపాటెచ్చటనో చూపుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇందుకు కావలసిన సాధనములు ఉన్నత పాఠశాలలో నేర్పు రసాయనశాస్త్రము, త్రైరాశికము మాత్రమే.

వాదము

విమర్శించువాడు ముందుగా పూర్వపక్షమును దాని పూర్తి బలముతో చెప్పవలెను. ఇథనాలు పక్షమువారు చెప్పునవి మూడు మాటలు. ఒకటి: బంకులో ఇథనాలు ఇంధనము పెట్రోలు కంటె చవక. రెండు: కారును మార్చుట పెద్ద పని కాదు, ఇంజనులోనికి ఇంధనమును చిమ్ము సూదులకు ఒక చిన్న విద్యుత్ పెట్టెను తగిలించినచో చాలును. మూడు: హైబ్రిడ్ కారు సహజముగనే తక్కువ ఇంధనము త్రాగును, దానికి చవక ఇంధనము పోసినచో పొదుపుకు పొదుపు తోడై రెట్టింపు లాభము వచ్చును.

మూడును వినుటకు సొంపుగనే యున్నవి. మొదటి మాటలో సగము నిజము, రెండవ దానిలో కొంత నిజము కలదు. మూడవదానిలోనే అసలు పొరపాటున్నది. వరుసగా చూతము.

ముందు రెండు పేర్లకు అర్థము చెప్పుకొందము. హైబ్రిడ్ కారు అనగా పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, బాటరీ కలిగిన కారు. బ్రేకు వేసినపుడు వృథాగా పోవలసిన చలనశక్తిలో కొంత భాగమును విద్యుత్తుగా మార్చి బాటరీలో దాచుకొని, మరల బయలుదేరునపుడు దానిని వాడుకొనును. కూడలిలో నిలిచినపుడు ఇంజను ఆగిపోవును. టయోటా సంస్థ 1997లో జపానులో విడుదల చేసిన ప్రియస్ ఈ జాతి కార్లలో ప్రపంచ ప్రసిద్ధమైనది. 2010 నాటి ప్రియస్ నమూనాకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చిన అంచనా గాలనుకు 50 మైళ్లు, అనగా లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు.

ఇక ఇ-85 అనునది ఇథనాలు ఎక్కువ, పెట్రోలు తక్కువ కలిపిన ఇంధనము. పేరునుబట్టి ఇథనాలు నూటికి 85 పాళ్లుండవలెను. కాని అమెరికాలో ప్రాంతమును, ఋతువును బట్టి 51 నుండి 83 పాళ్ల వరకు ఇథనాలు ఉన్నను దానిని ఇ-85 అనియే అమ్ముదురు. చలికాలమున పెట్రోలు పాలు ఎక్కువగుటకు కారణమును తరువాత చూతము.

లీటరులో ఎంత వేడి?

పెట్రోలు దాదాపు పూర్తిగా కర్బనము, ఉదజనులతో కూడిన పదార్థము. ఇథనాలు అణువులో రెండు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు, వీటితో పాటు ఒక ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువు ఉండును. అణుభారము 46, అందులో ఆమ్లజని వంతు 16. అనగా ఇథనాలు తూకములో మూడవవంతుకు పైగా ఆమ్లజనియే. మండుట అనగా ఆమ్లజనితో కలియుట గదా! ముందుగనే కొంత ఆమ్లజనిని మోయుచున్న ఇథనాలు, ఒక విధముగా చెప్పవలెనన్న, కొంతవరకు కాలిన కట్టెవంటిది. అందుచేత దానినుండి వచ్చు వేడి తక్కువ.

ఎంత తక్కువ? లీటరు పెట్రోలు మండినచో సుమారు 32 మెగాజౌళ్ల ఉష్ణశక్తి లభించును. లీటరు ఇథనాలు నుండి లభించునది సుమారు 21 మెగాజౌళ్లు. అనగా మూడింట రెండు వంతులు. నూటికి 85 పాళ్లు ఇథనాలు, 15 పాళ్లు పెట్రోలు కలిపినచో లీటరుకు దాదాపు 22.7 మెగాజౌళ్లు, పెట్రోలుతో పోల్చినచో నూటికి 71 వంతులు.

తరగతిలో చేయదగిన మరియొక లెక్క కలదు. 46 గ్రాముల ఇథనాలు పూర్తిగా మండుటకు మూడు ఆమ్లజని అణువుల ఎత్తు, అనగా 96 గ్రాముల ఆమ్లజని కావలెను. గాలిలో ఆమ్లజని తూకమునుబట్టి నూటికి సుమారు 23 పాళ్లు. కావున 96 గ్రాముల ఆమ్లజనికి దాదాపు 417 గ్రాముల గాలి కావలెను. దీనిని 46 చేత భాగించినచో 9 వచ్చును. ఒక గ్రాము ఇథనాలుకు 9 గ్రాముల గాలి యన్నమాట. పెట్రోలుకు ఒక గ్రామునకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. సిలిండరు పీల్చు గాలి మారలేదు కనుక, ఇథనాలు వాడునపుడు ఇంధనమునే ఎక్కువగా చిమ్మవలెను. కారుకు తగిలించు విద్యుత్ పెట్టె చేయు పని ఇదియే: సూది తెరచియుండు కాలమును పొడిగించుట. అది శక్తిని సృష్టించునది కాదు. టాంకును త్వరగా ఖాళీ చేయునది.

అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ చెప్పినదానినిబట్టి, ఇథనాలుకు పనికివచ్చునట్లు ఫాక్టరీలోనే తయారైన కార్లలో ఇ-85 పోసినపుడు గాలనుకు వచ్చు మైళ్లు నూటికి 15 నుండి 27 వంతుల వరకు తగ్గును. ఇథనాలు పాలు తక్కువగా నున్నచో తగ్గుదలయు తక్కువ. లెక్క సులభముగా నుండుటకు మనము నాలుగవవంతు తగ్గుననుకొందము. అనగా పెట్రోలుపై నాలుగు కిలోమీటర్లు పోవు కారు ఇ-85పై మూడు కిలోమీటర్లు పోవును.

దీనినుండి ఒక సూత్రము వచ్చుచున్నది. ఇ-85 వెల పెట్రోలు వెలలో నాలుగింట మూడు వంతులకు సమానమైనచో లాభమును లేదు, నష్టమును లేదు. అంతకంటె తక్కువైనచో మాత్రమే లాభము మొదలగును. పెట్రోలు వంద, ఇ-85 ఎనుబది అన్నచో బోర్డుపై ఇరువది మిగిలినట్లు కనబడును. దారిలో ఐదు పోయినట్లు లెక్క తేలును.

ఒక సంవత్సరపు జమాఖర్చు

ఇప్పుడు అమెరికాలోని ఒక ప్రియస్ కారును తీసికొందము. అది సంవత్సరమునకు 12,000 మైళ్లు తిరుగుననుకొందము. గాలనుకు 50 మైళ్ల చొప్పున 240 గాలన్ల పెట్రోలు కావలెను. అమెరికాలో ధరలు ఊరికొక తీరుగ నుండును, వారమునకొక తీరుగ మారును. కావున ఇచ్చట వేయుచున్న వెలలు ఉదాహరణకు మాత్రమే. పెట్రోలు గాలను 3.20 డాలర్లు అనుకొన్నచో సంవత్సరపు ఖర్చు 768 డాలర్లు.

అదే కారుకు ఇ-85 పోసినచో గాలనుకు 37.5 మైళ్లు, 320 గాలన్లు కావలెను. ఇ-85 వెల 2.60 డాలర్లయినచో ఖర్చు 832 డాలర్లు. గాలనుకు 60 సెంట్లు చవక! అయినను సంవత్సరమునకు 64 డాలర్ల నష్టము. పెట్టె కొని, తగిలించి, నష్టమును కూడ కొనుక్కొన్నట్లయినది.

వెల ఇంకను తగ్గి 2.20 డాలర్లయినదనుకొందము. అపుడు ఖర్చు 704 డాలర్లు. లాభము 64 డాలర్లు. పెట్టెకును, పనివానికిని కలిపి 320 డాలర్లు అయిన పక్షమున ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు ఐదు సంవత్సరములు పట్టును. ఆ ఐదు సంవత్సరములును ఇ-85 వెల ఒక్క తీరుగనే చవకగా నుండవలెను. ఏ మరమ్మతును రాకూడదు. ఇ-85 దొరకు బంకు దారిలోనే ఉండవలెను. ఈ చివరి షరతు చిన్నది కాదు. అమెరికాలో లక్షకు పైగా పెట్రోలు బంకులుండగా, ఇ-85 అమ్మునవి కొద్దివేలు మాత్రమే. అవియు ఎక్కువగా మొక్కజొన్న పండు మధ్య పశ్చిమ రాష్ట్రములలో నున్నవి. చవక ఇంధనము కొరకు పది మైళ్లు అదనముగా పోయి వచ్చువాడు ఆ మైళ్లను కూడ ఖర్చులో వ్రాసుకొనవలెను.

రెండు పొదుపులు ఎందుకు కూడవు?

ఇప్పుడు మూడవ మాటకు వచ్చితిమి. హైబ్రిడ్ పొదుపు, ఇథనాలు పొదుపు కలిసి రెట్టింపగునని గదా వాదము. దీనిని పరీక్షించుటకు ప్రియస్ పక్కన ఒక సాధారణ కారును నిలుపుదము. అది గాలనుకు 25 మైళ్లు పోవుననుకొందము. అదే 12,000 మైళ్లకు 480 గాలన్ల పెట్రోలు, ఖర్చు 1,536 డాలర్లు. ఇ-85పై 640 గాలన్లు; 2.20 డాలర్ల చొప్పున 1,408 డాలర్లు. లాభము 128 డాలర్లు. పెట్టె ఖరీదు రెండున్నర సంవత్సరములలోనే తిరిగి వచ్చును.

చూడుడు! అదే పెట్టె, అదే ఇంధనము, అదే దూరము. సాధారణ కారుకు వచ్చిన లాభములో హైబ్రిడ్‌కు సగమే వచ్చినది. కారణము స్పష్టము. చవక ఇంధనము ఇచ్చునది ఖర్చులో ఒక వంతు మాత్రమే. ఖర్చు పెద్దదైనచో ఆ వంతు పెద్దది. ఖర్చు చిన్నదైనచో వంతును చిన్నదే. హైబ్రిడ్ యంత్రము ముందుగనే ఖర్చును సగము చేసివేసినందున, తరువాత వచ్చినవానికి కోసుకొనుటకు మిగిలినది తక్కువ. నెలకు బస్తా బియ్యము కొను ఇంటికి కిలోకు రూపాయి తగ్గింపు ఎక్కి వచ్చును. ఐదు కిలోలు కొను ఇంటికి ఐదు రూపాయలే వచ్చును. ఆ ఐదు రూపాయల కొరకు ఊరవతలి అంగడికి పోవువానిని తెలివైనవాడని ఎవరును అనరు.

పొదుపు మొత్తములు కూడునవి కావు. వంతులు వంతులపై పడునవి. ఈ ఒక్క విషయము విద్యార్థుల మనసున నాటినచో, ఇ-85 మాట అటుంచి, బజారులోని అనేక ప్రకటనలను వారు సరిగా చదువగలరు. ఇంటిలో దీపములన్నియు ముందే మార్చుకొని కరెంటు బిల్లును సగము చేసికొన్నవాడు, రెండవ పొదుపు పరికరము కూడ మునుపటి బిల్లులో సగము తగ్గించునని ఆశపడినచో ఇదే పొరపాటు చేసినవాడగును.

పెట్టె ఖరీదు మాత్రము ఎవరికైనను ఒకటే. అది కారు ఎంత త్రాగునని అడుగదు. రాబడి సగమై, పెట్టుబడి మారకున్నపుడు తిరిగి వచ్చు కాలము రెట్టింపు కాక తప్పదు.

యంత్రము చెప్పు మాట

ఇంతవరకు చూచినది వెలల లెక్క. ఇక ‘చిన్న పని’ అను రెండవ మాటను చూతము. పెట్టెను తగిలించుట చిన్న పనియే. కాని కారు అను యంత్రము పెట్రోలును మనసునందుంచుకొని కట్టిన ఇల్లువంటిది. ఒక్క తలుపు మార్చినచో ఇల్లు మారదు.

ఇథనాలుకు ఒక గొప్ప గుణము కలదు. దాని ఆక్టేను సంఖ్య పెట్రోలు కంటె చాల ఎక్కువ. అనగా ఎక్కువ ఒత్తిడికి గురి చేసినను వేళ కాని వేళ పేలదు. సంపీడన నిష్పత్తిని పెంచి ప్రత్యేకముగా నిర్మించిన ఇంజనులో ఈ గుణము వలన దక్షత పెరిగి, తక్కువ వేడి అను లోపము కొంత తీరును. కాని ఉన్న కారును మార్చునపుడు సిలిండరును గాని, పిస్టనును గాని ఎవరును మార్చరు. ప్రియస్ ఇంజను ఆట్కిన్సన్ పద్ధతిపై పనిచేయును. లోనికి గాలిని విడుచు కవాటము ఆలస్యముగా మూసికొని, అణచుట కంటె వ్యాకోచము ఎక్కువగునట్లు ఏర్పాటు చేసినారు. దక్షతను పెంచు ఈ ఏర్పాటు పెట్రోలుకు తగినట్లు ముందుగనే నిర్ణయమై యున్నది. ఇథనాలు తెచ్చిన గొప్ప గుణమునకు అచ్చట పని దొరకదు. దాని లోపము మాత్రము పూర్తిగా పనిచేయును.

రెండవది చలి. ద్రవము ఆవిరియైన తరువాతనే సిలిండరులో మండును. ఇథనాలు ఆవిరి యగుటకు పెట్రోలు కంటె రెండు రెట్లకు పైగా గుప్తోష్ణము కావలెను. చలిలో దానినుండి మండుటకు తగినంత ఆవిరి లేవదు. చలికాలపు ఇ-85లో పెట్రోలు పాలు పెంచుటకు కారణమిదియే. హైబ్రిడ్ కారులో ఇంజను మాటిమాటికి ఆగి, మరల మొదలగుచుండును. 2004 నుండి 2009 వరకు అమెరికాలో అమ్మిన ప్రియస్ కార్లలో ఇంజనులోని వేడినీటిని దాచియుంచుటకు థర్మాస్ ఫ్లాస్కు వంటి పాత్రను అమర్చినారు. ఇంజను చల్లగా మొదలైనపుడు వెలువడు పొగను తగ్గించుటకే ఇంత శ్రమపడినారనిన, ఆ క్షణము ఎంత సున్నితమైనదో ఊహింపవచ్చును. పెట్రోలు కొరకే అంత శ్రమ అవసరమైనచోట, చలిలో ఇంకను మొండికెత్తు ఇంధనమును పోయుట ఆలోచింపదగిన విషయము.

మూడవది టాంకు, గొట్టములు, రబ్బరు వాషర్లు. ఆ కాలపు అమెరికా ప్రియస్‌లో పెట్రోలు ఆవిరి బయటకు పోకుండ టాంకు లోపల సాగెడు సంచి నొకదానిని అమర్చినారు. ఇథనాలు నీటిని పీల్చుకొనును. కొన్ని రబ్బరులను ఉబ్బించును. కొన్ని లోహములను తినివేయును. ఇథనాలు కొరకు ఫాక్టరీలో తయారగు కార్లలో ఈ భాగములన్నిటిని తగిన పదార్థములతో చేయుదురు. ఆ ప్రియస్ కార్లకు మాత్రము నూటికి 10 పాళ్లకు మించి ఇథనాలు కలిసిన ఇంధనము వాడరాదని తయారీదారు చేతిపుస్తకములోనే వ్రాసినాడు. మించి వాడి చెడగొట్టుకొన్నచో హామీ వర్తించదు. ఒక్క టాంకు బాగునకు అయిన ఖర్చుతో ఎన్ని సంవత్సరముల 64 డాలర్లు కొట్టుకొనిపోవునో వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగవది చట్టము. అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టము ప్రకారము కారులోని పొగ నియంత్రణ ఏర్పాటును ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. ఇంధనము మార్చు పరికరమునకు పర్యావరణ పరిరక్షణ సంస్థ నియమములు వర్తించును. అనుమతి లేని పెట్టె చవకగా దొరకవచ్చును. ఆ చవకతనములో పరీక్షల ఖర్చు లేకపోవుటయు ఒక భాగమే.

ఇచ్చట పూర్వపక్షమువారు ఒక సమాధానము చెప్పుదురు: “మేము మార్చి నడుపుచున్నాము; కారు నడుచుచునే యున్నది.” నడువవచ్చును. పొగగొట్టములోని ఆమ్లజని జ్ఞాపకమునుబట్టి ఇంధనమును హెచ్చుతగ్గులు చేయు కంప్యూటరు ఆ కార్లలో నున్నది; కొంత మేర అది సర్దుకొనును. దాని హద్దు దాటినపుడే ఇంజను దీపము వెలుగును. కాని మన ప్రశ్న కారు నడుచునా అని కాదు. డబ్బు మిగులునా అని. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పి రెండవదానికి చెప్పినట్లు భావించుట తర్కములో దోషము.

ఫ్రాన్సులో ఎందుకు మిగులును?

న్యాయముగా విమర్శించువాడు తనకు వ్యతిరేకమైన నిదర్శనమును దాచరాదు. కారును ఇ-85కు మార్చుకొని నిజముగా డబ్బు మిగుల్చుకొనుచున్న దేశమొకటి కలదు. అది ఫ్రాన్సు. అచ్చట 2017 నవంబరు 30 నాటి ప్రభుత్వ ఉత్తర్వు పెట్రోలు కార్లను ఇ-85కు మార్చు పెట్టెలకు ఆమోదపద్ధతిని ఏర్పరచినది. ఆమోదము పొందిన పెట్టెను, శిక్షణ పొందిన పనివాడే తగిలింపవలెను.

లెక్క చూతము. ఉదాహరణకు పెట్రోలు లీటరు 1.80 యూరోలు, ఇ-85 అందులో సగము, అనగా 0.90 యూరో అనుకొందము. లీటరుకు 20 కిలోమీటర్లు పోవు హైబ్రిడ్ 12,000 కిలోమీటర్లకు 600 లీటర్ల పెట్రోలు త్రాగును; ఖర్చు 1,080 యూరోలు. ఇ-85పై 800 లీటర్లు. ఖర్చు 720 యూరోలు. లాభము 360. పెట్టెకు వెయ్యి యూరోలు అయినచో మూడు సంవత్సరముల లోపల తిరిగి వచ్చును. లీటరుకు 12.5 కిలోమీటర్లు పోవు సాధారణ కారుకైనచో లాభము 576 యూరోలు. రెండు సంవత్సరముల లోపలనే పెట్టుబడి తిరిగి వచ్చును. ఇచ్చటను హైబ్రిడ్ వెనుకబడియే యున్నది. కాని లాభములోనే యున్నది.

అమెరికాలో లేని లాభము ఫ్రాన్సులో ఎచ్చటనుండి వచ్చినది? ఇథనాలు అణువు అట్లాంటిక్ సముద్రము దాటినంతమాత్రమున మారలేదు. మారినది సుంకము. ఫ్రాన్సులో పెట్రోలుపై ఇంధన సుంకము లీటరుకు 66 సెంట్లకు పైగా నుండగా, ఇ-85పై సుమారు 12 సెంట్లు మాత్రమే. వెలలోని తేడాలో సగమునకు పైగా ఈ సుంకపు తేడాయే. అనగా వాహనదారునకు మిగిలిన యూరోలలో చాల భాగము ఇంజనులో పుట్టినవి కావు, ఖజానా వదులుకొన్నవి. ఇది తప్పని అనుట లేదు. ప్రజలను ఒక ఇంధనము వైపు మళ్లించుటకు ప్రభుత్వములు సుంకమును సాధనముగా వాడును. అమెరికాలో కూడ పెట్రోలులో కలుపు ఇథనాలుకు గాలనుకు 45 సెంట్ల పన్ను రాయితీ 2011 డిసెంబరు 31 వరకు ఉండినది; ఆ దినముతో ముగిసినది. చట్టముతో వచ్చిన లాభము చట్టముతో పోవచ్చునని కారు మార్చువాడు గుర్తుంచుకొనవలెను. అణుభారము మారదు, సుంకము మారును.

బ్రెజిల్ సంగతి వేరు. అచ్చట 2003లో పెట్రోలు, ఇథనాలు ఏ పాళ్లలోనైనను వాడదగిన వోక్స్‌వాగన్ గోల్ కారు బజారుకు వచ్చినది. అటుపైన అట్టి కార్లే సర్వసాధారణమైనవి. 2019లో టయోటా సంస్థ అచ్చట ఇథనాలుతో కూడ నడుచు హైబ్రిడ్ కొరోల్లాను విడుదల చేసినది. కావున హైబ్రిడ్‌కు ఇథనాలుకు పుట్టు వైరమేమియు లేదు. ఫాక్టరీలోనే తగిన టాంకు, తగిన గొట్టములు, తగిన కంప్యూటరు అమర్చినచో రెండును కలిసి కాపురము చేయును. బ్రెజిల్ వాహనదారులకు ఒక సూత్రము నోటికి వచ్చును: ఇథనాలు వెల పెట్రోలు వెలలో నూటికి 70 వంతులకు లోపల నున్నచో ఇథనాలు, మించినచో పెట్రోలు. పెట్టెకు పెట్టుబడి పెట్టలేదు గనుక, ప్రతి బంకు వద్దను నిశ్చయము మార్చుకొను స్వేచ్ఛ వారికి గలదు. కారు మార్పించుకొన్నవానికి ఆ పెట్టుబడి తిరిగి రాబట్టుకొను తొందర యుండును.

మన బంకు వద్ద

మన దేశమున ఈ చర్చకు ఏమి ప్రయోజనమని కొందరడుగవచ్చును. 2023 ఆగస్టులో ఢిల్లీలో ఇథనాలుతో నడుచు హైబ్రిడ్ ఇన్నోవా నమూనాను ప్రదర్శించినారు. అంతకంటె దగ్గరి విషయము ఇ-20. 2025 నాటికి మన బంకులలో అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలపుట దేశవ్యాప్తమైనది. ఇంతవరకు చేసిన లెక్కను దీనికి అన్వయింతము. 80 పాళ్లు పెట్రోలు నుండి 25.6, 20 పాళ్లు ఇథనాలు నుండి 4.2, మొత్తము లీటరుకు 29.8 మెగాజౌళ్లు. శుద్ధమైన పెట్రోలుతో పోల్చినచో నూటికి 93 వంతులు.

నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికలో కూడ, ఇథనాలు లేని పెట్రోలు కొరకు నిర్మింపబడి ఇ-10కు సర్దుబాటు చేసిన నాలుగు చక్రముల వాహనములలో ఇ-20 వలన ఇంధన దక్షత నూటికి 6 నుండి 7 వంతులు తగ్గునని అంచనా వేసినారు. అట్టి ద్విచక్ర వాహనములలో 3 నుండి 4 వంతులు. ఇ-10 కొరకు నిర్మించి ఇ-20కు సర్దుబాటు చేసిన కార్లలో 1 నుండి 2 వంతులే. మన తరగతి గది లెక్క ఈ అంచనాలకు దూరముగా లేదు. ఉష్ణశక్తి తగ్గుదలకు పరిహారముగా ఎక్కువ ఇథనాలు కలిపిన ఇంధనమును తక్కువ వెలకు అమ్మవలెనని కూడ ఆ నివేదిక సూచించినది. 2025లో ఇ-20 దేశమంతట వ్యాపించినపుడు బంకులలో అట్టి ప్రత్యేకపు తగ్గింపు వెల ఉండలేదు.

ఇథనాలు వలన దేశమునకు కలుగు ప్రయోజనములను కాదనుట లేదు. దిగుమతి చేసికొను ముడిచమురు తగ్గును. చెరకు, మొక్కజొన్న, ధాన్యము పండించు రైతులకు కొత్త అంగడి దొరకును. భూమి, నీరు, ఆహారధాన్యముల దృష్ట్యా దానిపై వాదోపవాదములును కలవు. అవి వేరుగా చర్చింపదగినవి. ఇచ్చట చెప్పదలచినది ఒక్కటే: దేశమునకు మిగులుట వేరు, వాహనదారుని జేబులో మిగులుట వేరు. మొదటిది నిజమైనంతమాత్రమున రెండవది నిజము కాదు. రెండవది అబద్ధమైనంతమాత్రమున మొదటిది అబద్ధమును కాదు. ఈ రెండింటిని కలిపివేసి మాటలాడుట వలననే ఇథనాలును పొగడువారును, తెగడువారును ఒకరి మాట ఒకరికి అర్థము కాక కేకలు వేయుచున్నారు.

ఉపాధ్యాయులకు ఒక సూచన

ఎవరైన ఒక ఇంధనము గాని, పరికరము గాని డబ్బు మిగుల్చునని చెప్పినపుడు వారిని నాలుగు ప్రశ్నలు అడుగుట విద్యార్థులకు నేర్పవలెను. లీటరు వెల ఎంత? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు? సంవత్సరమునకు నీవు తిరుగు దూరమెంత? మార్పునకు అయిన మొత్తము ఖర్చు ఎంత? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెప్పకున్నను లెక్క తెగదు. సాధారణముగా ప్రకటనలలో మొదటిది మాత్రమే పెద్ద అక్షరములతో నుండును.

రెండవ ప్రశ్నకు సమాధానమును కొలిచి తెలిసికొనవలెనే గాని ఊహింపరాదు. ఇందుకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. ఇంటిలోని స్కూటరు టాంకును నిండుగా నింపించి, అపుడు మీటరుపై నున్న కిలోమీటర్లు వ్రాసికొనవలెను. కొన్ని దినముల తరువాత మరల అదే బంకులో, అదే మట్టమునకు నింపించి, ఎన్ని లీటర్లు పట్టినవో, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో చూచి భాగింపవలెను. ఒక్కసారి చేసినచో చాలదు. కనీసము మూడు నాలుగు సార్లు చేసి సగటు తీయవలెను. దారి, బరువు, చక్రములలోని గాలి ఒక్క తీరుగ నుండునట్లు చూడవలెను. లేనిచో వాన వలననో, చక్రములో గాలి తగ్గుట వలననో వచ్చిన తేడాను ఇంధనమునకు అంటగట్టిన వారమగుదుము. తరగతిలో పదిమంది విద్యార్థులు ఇట్లు కొలిచి తెచ్చిన అంకెలను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసినచో, ఒకే నమూనా బండికి కూడ అంకెలు ఎంత మారునో వారికే తెలియును. “మా బండికి బాగా వచ్చుచున్నది” అను మాటపై ఎంత ఆధారపడవచ్చునో అపుడు బోధపడును.

ఇక మొదటి ప్రశ్నకు మా సమాధానము ఇది. హైబ్రిడ్ కారును ఇథనాలుకు మార్చుట వలన డబ్బు మిగులునా అనిన, ఇథనాలు ఇంధనపు వెల పెట్రోలు వెలలో నాలుగింట మూడు వంతుల కంటె బాగా తక్కువగా, చాలకాలము స్థిరముగా నుండి, మార్పునకు చట్టము అనుమతించి, కారు చాల దూరము తిరుగునదైనచో కొంత మిగులును. ఫ్రాన్సులో నేడు ఈ షరతులు చాలవరకు కూడినవి. అమెరికాలో అవి కూడుట అరుదు. అచ్చట ప్రియస్‌కు పెట్టె తగిలించుట కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే. ఎచ్చటనైనను, అదే పెట్టెను ఎక్కువ పెట్రోలు త్రాగు కారుకు తగిలించినచో ఎక్కువ మిగులును. తక్కువ త్రాగు కారును కొన్నవాడు తన పొదుపులో పెద్ద భాగమును కొన్ననాడే సంపాదించుకొన్నాడు.